ఆరు నిమిషాల దుప్పటి

అమ్మ పోయిన రెండో ఏడు తమ్ముడు సినిమా తీస్తానంటూ వచ్చాడు.

"వేరే ఇల్లు అద్దెకు తీసుకుంటే అబద్ధంలా ఉంటుందక్కా. అమ్మ పడుకున్న గదే కావాలి," అన్నాడు.

అక్క భర్త పేపరు దించకుండానే అడిగాడు. "ఎన్నాళ్లు?"

"పదిహేను రోజులు బావా."

ముప్ఫై ఎనిమిది రోజులు పట్టింది. తొమ్మిదిమంది మనుషులు, గుమ్మాలకు అడ్డంగా వైర్లు, కిటికీలకు నల్లగుడ్డలు. వంట వెనక వరండాలోకి మారింది. సౌండతను వచ్చి "ఫ్రిజ్జు గుర్రు పెడుతోందండీ" అని ప్లగ్గు పీకేసేవాడు, మళ్లీ పెట్టడం మరిచేవాడు. పాలు విరిగిపోయేవి. "మన ఇల్లు సినిమాకెక్కింది, మనం వరండాకెక్కాం," అనేవాడు భర్త.

అక్క రెండో రోజు స్క్రిప్టు చదివింది. పక్షవాతంతో ఎడమవైపంతా పడిపోయిన తల్లి, మూడేళ్లు ఆమెకు అన్నీ తానే అయి చేసిన కొడుకు. మొదట్నించి చివరిదాకా తిరగేసింది.

"ఇందులో కూతురు లేదేంరా?"

"కథ చిక్కబడాలంటే మనుషులు తగ్గాలక్కా."

"ఓహో, నన్ను తీసేస్తే చిక్కబడిందా?"

తమ్ముడు నవ్వాడు. తనూ నవ్వింది. ఆ మూడేళ్లూ అమ్మకు స్నానం చేయించి, అన్నం తినిపించి, రాత్రీ పగలూ పక్క మార్చింది తను. వాడు వీలున్నప్పుడు పళ్లు తెచ్చి, అమ్మ కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వెళ్లేవాడు. తెర మీద తన పేరు రావాలని ఆమెకు ఎప్పుడూ లేదు. అమ్మకు ఎవరు చేశారో ఒక్కసారి వాడి నోటితో వాడు అంటే చాలనుకునేది. అడిగి అనిపించుకుంటే అందులో ఏముంది? అందుకే అడగలేదు.

అడగకపోగా, సాయం చేసింది. కొడుకు వేషం కట్టిన కుర్రాడికి మనిషి పడుకునుండగానే కింద దుప్పటి మార్చడం నేర్పింది. మనిషిని ఒక పక్కకి తిప్పి, మాసిన దుప్పటిని వీపు దాకా చాపలా చుట్టాలి. ఖాళీ అయిన సగంలో ఉతికిన దుప్పటి పరిచి, మిగతా సగం పాతదాని పక్కనే మడిచి ఉంచాలి. మనిషిని రెండో పక్కకి దొర్లించి, పాతది లాగేసి కొత్తది సర్దాలి. కుర్రాడు మూడు రోజుల్లో పట్టేశాడు. ఒక్కటే రాలేదు.

"తిప్పేముందు ఆ పడిపోయిన చెయ్యి తీసి గుండెల మీద పెట్టాలి నాయనా. లేకపోతే ఒంటి కింద పడి నలుగుతుంది. పాపం, నొప్పి తెలిసినా నోరు పెగలదు వాళ్లకి."

కుర్రాడు పెట్టాడు. కెమెరా వెనక నుంచి తమ్ముడు "కట్" అన్నాడు. "చెయ్యి అడ్డొస్తే అమ్మ మొహం కనపడదక్కా. వదిలెయ్, ఇంత చిన్న విషయం ఎవరు చూస్తారు?"

ఆమె వరండాలోకి వెళ్లిపోయింది. అమ్మ వేషం వేసిన పెద్దావిడ మాత్రం భోజనాలప్పుడు పక్కన చేరి, భుజం రుద్దుకుంటూ అంది. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. ఏడు టేకులకి నా చెయ్యి చచ్చుబడింది, నిజంగానే."

సినిమా బయటికొచ్చింది. చిన్న హాళ్లలో ఆడి, ఊళ్లు తిరిగి, మెడల్సు తెచ్చుకుంది. ఎక్కడ చూసినా ఆ దుప్పటి సీను మాటే. ఆరు నిమిషాలు, ఒక్క మాట లేదు, ఒక్క కట్ లేదు. అనుభవించినవాడే తీయగలడని ఒకాయన రాశాడు. తమ్ముడు ఒక ఇంటర్వ్యూలో "ఇది నా జీవితమే" అన్నాడు, మరో దాంట్లో "మూడేళ్లు చేశాను" అన్నాడు. పిన్ని ఫోన్ చేసింది. మంచాన ఉన్న అమ్మను చూడ్డానికి వచ్చి, అక్క చేతి టీ తాగి వెళ్లిన పిన్నే.

"మీ తమ్ముడు మా అక్కయ్యకి ఎంత చేశాడే, మాకు తెలియనేలేదు."

"నాకూ తెలియలేదు పిన్నీ," అంది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు పట్టుబట్టి షోకి తీసుకెళ్లాడు. మూడో వరసలో కూర్చోబెట్టాడు. ఆటయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి. లైటింగు గురించి ఒకరు, నిశ్శబ్దం గురించి ఇద్దరు. అక్కకి నడుం లాగుతోంది. ఇంటికెళ్లి పడుకుంటే బాగుండుననిపించింది.

వెనక వరసలో ఒక లావుపాటావిడ మైకు తీసుకుంది.

"నేను పాతికేళ్లుగా నర్సునండి. సినిమా బాగుంది, ఏడ్చాను కూడా. కానీ ఆ అబ్బాయి తల్లిని తిప్పేటప్పుడు పడిపోయిన చేతిని అలాగే వదిలేశాడు. రోజూ చేసేవాళ్లు ముందు ఆ చెయ్యి తీసి గుండెల మీద పెడతారు. మొదటి వారంలోనే అలవాటైపోతుంది. మీరు మూడేళ్లు చేశారట కదా. మీకెలా తెలియలేదు?"

తమ్ముడు మైకు అటూ ఇటూ మార్చుకున్నాడు. "అది... కెమెరా కోసం..."

"తెలిసే వదిలేశారా?"

వాడు మూడో వరసకేసి చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఏది పగలగొట్టినా నాన్న ముందు నిలబడి ఇలాగే చూసేవాడు, తను "నేనే నాన్నా" అనేది. ఇప్పుడు కాస్త తల ఊపితే చాలు, "అవునండీ, తెలుసు" అని గట్టెక్కేస్తాడు. ఆమె తల ఊపలేదు. పంతం కాదు. ఓపిక లేదు.

"నాకు తెలియదండీ," అన్నాడు చివరికి. "నేను చేయలేదు. మా అక్క చేసింది. ఆ చేతి సంగతి తనే చెప్పింది, నేను వినలేదు. నేను ఆదివారాలు వచ్చి వెళ్లేవాణ్ని."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, హాలంతా అందుకుంది. అందరూ లేచి నిలబడ్డారు. "ఎంత నిజాయితీ!" అంది అక్క పక్కనున్న అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ. ముందు నిలబడ్డవాళ్ల వీపులు అడ్డొచ్చి అక్కకి తమ్ముడు కనపడలేదు. నర్సు ఒక్కతే కూర్చునే ఉంది, సంచిలో కళ్లజోడు పెట్టుకుంటూ.

తిరుగు దారిలో కారు వాడే నడిపాడు. వాడి మొహం వెలుగుతోంది. ఆరుగురు వచ్చి కావలించుకున్నారు మరి.

"అక్కా, సరిగ్గానే చెప్పానా?"

ఆమె అనుకున్న మాట వాడి నోట వచ్చింది. వచ్చాక నడుం నొప్పేం తగ్గలేదు గానీ, వచ్చింది.

"ఆదివారాలన్నావు," అంది. "నెలకొక్కసారి వచ్చేవాడివి."

వాడు సిగ్నలు దగ్గర బ్రేకు వేశాడు.

"నెలకొక్కసారి అంటే వినేవాళ్లకి ఎలా ఉంటుందక్కా?"

"ఉన్నట్టు ఉంటుంది," అని, సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది.