నన్ను కదిపింది ఎవరు

నేను ఒక అద్దాన్ని. మొహం చూసుకునే అద్దం కాదు. నలభై కిలోల గాజు బిళ్ళ. ఏడాదిపాటు అరగదీసి, గాలి లేని గొట్టంలో గాజు పోగులకు వేలాడదీశారు. వేలాడదీసినవాడు ఓబులేసు. నన్ను తుడిచేటప్పుడు ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలేవాడు.

ఆకాశంలో న్యూట్రాన్ నక్షత్రాలని ఉన్నాయట. చచ్చిన నక్షత్రాలు. ఊరంత గుండు బొంగరంలా తిరుగుతుంది. దాని మీద ఆవగింజంత బొడిపె ఉన్నా చాలు, తిరిగినంతకాలం సన్నని అలలు వస్తాయి. ఆ అల తగిలితే నేను కదలాలి. దక్షిణామూర్తి సారు ఆ కదలిక కోసం ఇరవై రెండేళ్లు కాచుకున్నాడు. నేను కదలలేదు.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. వెతికేవాళ్లు సరిగ్గా వెతుకుతున్నారో లేదో చూడడానికి పైవాళ్లు అప్పుడప్పుడు దొంగచాటుగా నన్ను కదుపుతారు, అచ్చం నక్షత్రం కదిపినట్టే. కదిపారో లేదో రాసి, కవరుకు సీలు వేస్తారు. లెక్కలన్నీ ముగిశాకే విప్పాలి. మనుషులు ఒకరినొకరు నమ్మే పద్ధతి ఇది.

ఆ ఏడు నన్ను కదిపారు. మూడు నెలలు, ఆగకుండా. అందుకు నాకు తీగ బిగించినవాడు ఓబులేసు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు.

సారుకు ఆ కదలిక దొరికింది. అదే నెలలో క్యాన్సర్ బయటపడింది. లెక్కలకు ఇంకా ఆరు నెలలు. ఆయనకు రెండు. కవరు ముందే విప్పమంటే, పైవాళ్లలో పెద్ద మేడం ఒప్పుకోలేదు. రూలు.

గొట్టం తెరిచి ఓబులేసు నన్ను తుడుస్తున్న రోజు ఆయన గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, ఇంకా దీనికే తానం చేయిస్తాండావా? ఇంట్లో పిల్లోళ్లకు ఎప్పుడన్నా చేయించినావా?"

"వాళ్లు చేసుకుంటారు సార్. ఇది చేసుకోలేదు గదా."

సారు నవ్వబోయి దగ్గాడు.

"ఒక్కమాట చెప్పు. మీరు కదిపినారా? నక్షత్రమా?"

ఓబులేసు గుడ్డ మడిచాడు. మళ్లీ విప్పాడు.

"నక్షత్రమే సార్."

"నిజంగా?"

"నా బిడ్డ మీదొట్టు."

సారు నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

పద్దెనిమిది రోజులకు పోయాడు. లెక్కలు ముగిశాక కవరు విప్పారు. కదిపాం అని ఉంది. ఓబులేసు మళ్లీ నన్ను తుడవడానికి రాలేదు.

తర్వాత కొత్త అద్దం వచ్చింది. నన్ను వరండాలో గాజు పెట్టెలో పెట్టారు. చూడవచ్చినవాళ్లు నాలో జుట్టు సరిచేసుకుంటారు.

ఓబులేసు ఒక్కసారి చెప్పాడు. అదే అబద్ధం నేను మూడు నెలలు చెప్పాను. నన్ను ఎవరూ ఒట్టు అడగలేదు.