స్తంభం నా నేలలో ఉంది

మా దీవిలో పిల్లలకు పన్నెండేళ్లు నిండితే టపా పడవ ఎక్కించి పట్నం హాస్టలుకు పంపాలి. మా చెల్లెలు అలాగే వెళ్లింది. నా కూతురూ వెళ్లింది. తర్వాత ఇద్దరూ సెలవులకు చుట్టాల్లా వచ్చారంతే.

అందుకే కౌన్సిలూ ఫోన్ల కంపెనీ కలిసి ఆన్‌లైన్ బడి పెడతామంటే, సిగ్నల్ స్తంభం పాతడానికి నా గొర్రెల బీడులో చోటిచ్చాను. టీచరు కౌన్సిలు మనిషి. తెర, స్తంభం కంపెనీవి. నా కొడుకు చేపల ఓడ మీద పనిచేస్తాడు; వాడి కూతురు రాన్వా పన్నెండు నిండినా పడవెక్కకుండా రెండేళ్లుగా నా వంటింట్లోనే చదువుకుంటోంది. ప్రారంభం నాడు ఫొటోకి పదకొండుమంది పెద్దలు నిలబడ్డారు.

మొన్న మంగళవారం ఇద్దరే వచ్చారు, స్తంభం విప్పడానికి.

"ఎందుకు తీస్తున్నార్రా హానుస్?" అని కౌన్సిలు గుమాస్తాను అడిగాను. చిన్నప్పట్నుంచీ ఎరుగుదును వాణ్ణి.

"నాదేముంది పెద్దమ్మా? గడువైపోయిందని కంపెనీవాళ్లే అన్నారు."

కంపెనీ మనిషి తుమ్మాస్ గయ్యిమన్నాడు. "పొడిగించమని మీరడిగితేగా!"

"మీరు ఉత్తరానికి జవాబిస్తేగా!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఫొటోలో భుజం భుజం కలిపి నిలబడ్డారు, ఇప్పుడు వేళ్లు చూపించుకుంటారా? మధ్యలో నా పిల్ల పడవెక్కాలా?"

లోపలికెళ్లి ఒప్పందం తెచ్చాను. నాలుగేళ్లే బడికెళ్లాను, మిగతాదంతా పాత పత్రికలు కూడబలుక్కుని నేర్చిందే. ఏ కాగితం పిల్లను తీసుకుపోతుందోనన్న భయంతో దాన్ని సంతకం పెట్టిన నాడే భూతద్దం పెట్టి మూడుసార్లు చదివాను.

"ఏడో పేజీ చూడరా. నేల యజమాని ఒప్పుకోకుండా ఒక్క మేకూ పీకకూడదు. నేను ఒప్పుకోను."

హానుస్ చదివి బుర్ర గోక్కున్నాడు.

"మీరు చూసుకోలేదా?" అన్నాడు తుమ్మాస్.

"రాసింది మీరే కదండీ!"

వాళ్లిలా తిట్టుకుంటుండగానే వాళ్లొచ్చిన టపా పడవ కూత వేసి వెళ్లిపోయింది. మళ్లీ పడవ శుక్రవారమే.

ఇద్దరికీ ఒకే గది ఇచ్చాను. ఎండిన గొర్రెమాంసం, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టాను. మర్నాడు తొమ్మిదింటికి రాన్వా పాఠం మొదలైతే నోరు మూయించాను.

"పొట్టేలు నయం పెద్దమ్మా నీకన్నా," అన్నాడు హానుస్.

"కొమ్ములు లేవని సంతోషించరా. ఇన్నాళ్లూ ఒకరి మీదొకరు చెప్పుకున్నారు, ఇప్పుడు ఒకరితో ఒకరు చెప్పుకోండి. పిల్ల బడి పూర్తయ్యేదాకా గడువు రాయండి."

పైవాళ్లతో ఫోన్లలో అరిచారు, బతిమాలారు. గురువారం మధ్యాహ్నం ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. నేను రెండుసార్లు చదివాకే వాళ్ల చేతికి కలం ఇచ్చాను.

శుక్రవారం రేవుకు వెళ్లాను. పడవ కూతకు ఎప్పటిలాగే గుండె దడదడలాడింది. కానీ ఆ రేవులో ఏడవకుండా నేను సాగనంపింది వాళ్లిద్దరినే.