మణికట్టు తాడు

ముందు టైర్లు. బొటనవేలితో నొక్కితే గోరు లోతు దిగాలి, అంతకు మించి దిగకూడదు. నీళ్లాయన నాలుగింటినీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. తర్వాత చేతి బ్రేకు, కాలి బ్రేకు. హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసదాకా తిప్పి, కుడిపక్కనున్న రేసు మీటను నొక్కి వదిలాడు. మీట టక్కున వెనక్కి వచ్చింది. అలా రాని రోజున ఆ బండి షెడ్డు గుమ్మం దాటదు.

అది రోడ్డు మీద తిరిగే బండి కాదు. మోటారు సైకిలు సీటు కింద నాలుగు లావుపాటి చక్రాలు బిగించినట్టుంటుంది. రాళ్లూ బురదా లెక్కచేయకుండా ఎక్కుతుంది. ఊరి నీళ్ల ట్యాంకు కొండమీద ఉంది, అక్కడికి రోడ్డు లేదు, బాట మాత్రం ఉంది. రోజూ ఒక మనిషి ఆ బాటన వెళ్లి, నీటి మట్టం చూసి, బ్లీచింగు పొడి కలిపి, వాల్వు చక్రాన్ని పదకొండు చుట్లు తిప్పితే ఊళ్లో కుళాయిలు పలుకుతాయి. ఇరవై రెండేళ్లుగా ఆ మనిషి ఈయనే. నీళ్లు వచ్చిన రోజున ఎవరికీ గుర్తురాడు, రాని రోజున అందరికీ గుర్తొస్తాడు. ఇది గిట్టుబాటయ్యే బేరం కాదని మొదటి ఏడాదే తెలిసింది. అయినా మానలేదు. ఆయన చూసుకునే లెక్క ఒక్కటే: ఎక్కినన్ని సార్లు దిగాలి. ఇంటికి వెళితే భార్య "వచ్చావా" అనదు, "దిగావా" అంటుంది.

ఇవాళ ఆయనకు ఆఖరి రోజు.

షెడ్డు గుమ్మంలో అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిదేళ్ల కిందటిదాకా ఆయనతో వంతులేసుకుని ఈ పని చేసిన జతగాడి కూతురు. తండ్రి పోయేనాటికి పదిహేడేళ్లది, ఇప్పుడు ఇరవై ఆరు. రెండేళ్లుగా కింద పంపు గదిలో మోటార్లు చూసుకుంటోంది. కొండ పని ఖాళీ అవుతుందని తెలియగానే అది తనకు కావాలని అడిగింది. నేర్పమని ఇంజనీరు నీళ్లాయనకు అప్పగించాడు. నెల రోజులు నేర్పాడు. కానీ ఆమెను ఒంటరిగా పంపవచ్చు అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు. మూడుసార్లు వచ్చింది కాగితం, మూడుసార్లూ 'ఇంకా కాదు' అని తిప్పి పంపాడు.

నిన్న ఇంజనీరు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపల సంతకం అందకపోతే నీళ్ల కాంట్రాక్టరు ఈ పనికి తన మనిషిని పెట్టుకుంటాడని చెప్పి, నాలుగోసారి ఆ కాగితాన్ని బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. అమ్మాయి పక్కనే ఉండి అంతా విన్నది.

"నడపడానికి పావుగంట, బయల్దేరడానికి అరగంట," అంది ఇప్పుడు. "ఈపాటికి నీళ్లే విసుగుపుట్టి నడిచిపోయుంటాయి ఊళ్లోకి."

ఆయన నవ్వలేదు. రాత్రి వాన పడింది. గుమ్మం ముందున్న మట్టిని బూటుతో తొక్కి, ఎంత దిగుతుందో చూశాడు. రెండో గేటు దాటాక ఒక మలుపు ఉంది. అక్కడ ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ, మధ్యలో నున్నటి బండరాయి. వానపడ్డ మర్నాడు ఆ రాయి మీద జిడ్డు రాసినట్టుంటుంది.

"మలుపులో బండి ఎక్కలేకపోతే?" అని అడిగాడు.

ఆమె చేతులు విప్పకుండానే అప్పజెప్పింది. ఒళ్లు ముందుకు వంచి బ్రేకు పట్టాలి. న్యూట్రల్ చేయకూడదు. వెనక్కి జారనివ్వకూడదు. అక్కడికక్కడే తిప్పబోకూడదు. పార్కింగు బ్రేకు బిగించి, పై వైపుకు దిగాలి.

"కింది వైపుకు దిగితే?"

"బండి నామీదే దిగుతుంది." ఈసారి చేతులు విప్పింది. "వందసార్లు చెప్పాను. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పు బాబాయ్, దిద్దుకుంటా. చెప్పకుండా తిప్పి పంపుతుంటే నేనేం చెయ్యను?"

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. ఎడమ భుజం పొద్దుటినుంచి లాగుతోంది. ఇరవై రెండేళ్లు హ్యాండిల్ పట్టిన భుజం, ఆ మాత్రం లాగుతుందిలే అనుకున్నాడు.

"నీ తప్పేం లేదు."

"మరి ఎవరిది?"

పది దాటింది. ఎదురుగా గోడకు కుళాయి ఉంది. దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. పైన వాల్వు తెరిస్తే ఊరికంటే ముందు ఆ కుళాయికే తెలుస్తుంది. ఇప్పుడది పొడిగా ఉంది.

ఆయన చొక్కా జేబులోంచి చిన్న తాడు చుట్ట తీశాడు. ఒకప్పుడు ఎర్రగా ఉండి, ఇప్పుడు ఇటుకపొడి రంగుకు వచ్చిన స్ప్రింగు తాడు. తొమ్మిదేళ్లుగా అది ఆయన జేబులోనే ఉంది. చొక్కా ఉతికేటప్పుడు భార్య దాన్ని తీసి, ఉతికిన చొక్కాలో పెడుతుంది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఈ తాడు ఏమిటో అమ్మాయికి చెప్పనక్కర్లేదు. కొత్తది బండికి వేలాడుతూనే ఉంది. ఒక కొస హ్యాండిల్ దగ్గరి స్విచ్చులో, ఇంకో కొస నడిపేవాడి మణికట్టుకు. మనిషి పడితే తాడు లాగుతుంది, క్లిప్పు ఊడుతుంది, ఇంజన్ చస్తుంది.

"మీ నాన్న పోయిన రోజున తాడు మీ నాన్న చేతికి లేదు. బండికే ఉంది. పెట్టింది నేను."

దారిలో రెండు గేట్లు. గేటు తీయడానికి దిగినప్పుడల్లా తాడు ఊడదీయాలి, మళ్లీ స్టార్టు చేయాలి. రోజుకు అయిదు నిమిషాలు దండగ. అందుకని ఆయన ఇంకో తాడు తెచ్చి, దాని క్లిప్పును స్విచ్చులో శాశ్వతంగా గుచ్చి, మిగతాది హ్యాండిల్‌కు చుట్టేశాడు. ఇక దిగినా ఎక్కినా ఇంజన్ ఆగదు. ఆ రోజు మలుపులో బండి వెనక్కి తిరగబడింది. రేసు మీట రాతికి నొక్కుకుపోయింది. కింద షెడ్డులో ఈయన ఆ హోరు వింటూనే ఉన్నాడు. బురదలో దిగబడి ఉంటాడనుకున్నాడు. టీ తాగాడు. ఇంజన్ ఆగడం లేదేమిటని లేచేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. పైకి వెళ్లేసరికి చక్రం ఇంకా మనిషి మీద తిరుగుతూనే ఉంది. క్లిప్పు పీకి, ఎవరూ రాకముందే తాడు జేబులో పెట్టుకున్నాడు.

ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆమె వింటూ నేలవైపే చూసింది.

"ఎన్నాళ్లుంది అది అలా?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలూ నువ్వూ అలాగే ఎక్కావా?"

"ఎక్కాను."

"అయితే నాన్నకీ తెలుసు."

"తెలుసు. భలే ఉపాయం అన్నాడు."

 ఆయన ఆమె అడిగిన తీరును అటూ ఇటూ తూచి చూశాడు. ఎటు మొగ్గుతోందో తెలియలేదు. చివరికి ఆమె మేకుకు వేలాడుతున్న హెల్మెట్ తీసి పెట్టుకుంది. గడ్డం కింద పట్టీ బిగించింది, కళ్లద్దాలు దించింది, గ్లవ్స్ తొడుక్కుంది.

"సంతకం నీ ఇష్టం. నీళ్లు మాత్రం వదలాలి కదా."

బండి ఎక్కింది. పార్కింగు బ్రేకు చూసుకుంది. న్యూట్రల్ దీపం వెలిగింది. పెట్రోలు ట్యాప్ తిప్పింది, చోక్ లాగింది. తాడు మణికట్టుకు తగిలించుకుని రెండుసార్లు గుంజి చూసింది. ఆ చెయ్యి పైకెత్తి ఆయనకు చూపించింది. మొహం హెల్మెట్‌లో ఉంది, అందులో ఏముందో కనిపించలేదు. ఇంజన్ పలికింది. వేడెక్కిందాకా ఆగి, చోక్ మూసి, మొదటి గేరులో వెళ్లిపోయింది.

ఆయన చెవితోనే వెంట వెళ్లాడు. మొదటి గేటు దగ్గర చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. రెండో గేటు. ఆగింది, మొదలైంది. తర్వాత ఏటవాలు. ఇంజన్ మూలిగింది, మలుపు దగ్గరికి చేరింది, ఠక్కున ఆగిపోయింది.

అక్కడ గేటు లేదు.

ఆయన లేచాడు. ఛాతీలో ఏదో పట్టి పిండినట్టయి మళ్లీ కూలబడ్డాడు. భుజం నొప్పి దవడదాకా వచ్చింది. ఇంజన్ ఆగిందంటే క్లిప్పు ఊడింది. క్లిప్పు ఊడిందంటే అమ్మాయి బండి మీద లేదు. పక్కనుందా, కింద ఉందా? ఊపిరి చాలడం లేదు. కానీ ఆ రోజు ఇంజన్ ఆగలేదు. ఇవాళ ఆగింది. చక్రం తిరగడం లేదు. ఆ ఒక్క ఆలోచననే పట్టుకుని కూర్చున్నాడు. నిమిషం. రెండు. చెమటతో వీపు తడిసిపోయింది. మూడు.

పైన స్టార్టరు కీచుమంది. ఒకసారి, రెండుసార్లు. ఇంజన్ అందుకుంది. నిదానంగా, ఒకే రేసులో, మలుపు దాటి పైకి పోయింది.

కాసేపటికి గోడకున్న కుళాయి దగ్గింది, గాలి ఊదింది, మట్టి రంగు నీళ్లు ఉమ్మింది. తర్వాత తెల్లటి ధార కిందున్న బకెట్‌లో పడసాగింది. పదకొండు చుట్లూ తిప్పిందన్నమాట. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని కలం తీశాడు.

అమ్మాయి దిగేసరికి పదకొండున్నర. బండిని షెడ్డు నేలమీది గీతల మధ్యకు తెచ్చి, న్యూట్రల్ చేసి, బ్రేకు బిగించి, ఇంజన్ ఆపి, పెట్రోలు ట్యాప్ మూసింది. అన్నీ అయ్యాకే తాడు చేతినుంచి తీసి హ్యాండిల్‌కు వేలాడదీసింది.

"మలుపులో రాయి పడింది బాబాయ్," అంది గ్లవ్స్ ఊడదీసుకుంటూ, అటు తిరిగే. "పై వైపుకే దిగాను. దొర్లించి వెళ్లాను." కొంచెం ఆగి, మెల్లగా అంది. "దిగాను."

ఆయన పలకలేదు. గోడకు ఆనుకుని, చెవి బాట వైపు పెట్టి కూర్చున్నాడు. బకెట్ నిండి నీళ్లు ఆయన బూట్ల చుట్టూ పారుతున్నాయి. ఆమె దగ్గరికి వచ్చి, మణికట్టు పట్టుకుని నాడి చూసింది, అది అందలేదు. తర్వాత వెళ్లి కుళాయి కట్టేసింది.

బల్లమీద సంతకం పెట్టిన కాగితం ఉంది. గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఆ పాత తాడు పెట్టి ఉంది, ఎరుపు వెలిసి, చుట్టలు సాగి, ఎవరి చేతికీ తగిలించని రెండో కొస బల్ల అంచు మీదినుంచి వేలాడుతూ.