పావంగుళం మాస్టారి గడ్డం పట్టీ

లోకంలో తనకు తప్ప మరెవరికీ సూది పట్టుకోవడం రాదని నమ్మే దర్జీ ఒకడున్నాడు. ఎవరి చొక్కా చూసినా భుజం దగ్గర పావంగుళం తేడా ఉందని పెదవి విరిచేవాడు. అందుకే పేటలో అందరూ అతన్ని పావంగుళం మాస్టారు అనేవారు. అది వెక్కిరింపని అతనికి తెలియదు, బిరుదనుకుని మురిసిపోయేవాడు. మనిషి బక్కపలచన. పడుకున్నాడంటే మాత్రం పిట్ట కొంచెం, కూత ఘనం. ఆ కూతను పన్నెండేళ్ళుగా పక్కనే పడుకుని భరిస్తున్నది అతని భార్య.

ఆమె బస్సు డ్రైవరు. తెల్లవారుజామున డిపోలోంచి బయటపడే మొదటి బస్సు ఆమెదే. ఆడది బస్సేం నడుపుతుందిలే అని నవ్విన వాళ్ళందరి ముందూ పదేళ్ళు బండికి చిన్న గీత పడకుండా నడిపింది. కిందటి వారం సిగ్నల్ దగ్గర ఒక్క క్షణం రెప్ప వాలింది. ముందున్న కారుకు జానెడు దూరంలో బస్సు ఆగింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే స్టీరింగు సంగతి మర్చిపోయి టికెట్ల కిటికీ వెనక కూర్చోవాల్సిందేనని డిపో మేనేజరు చెప్పేశాడు. ఆ కిటికీ కంటే జైలు నయమనిపించింది ఆమెకు.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. ఆయనగారు తనకసలు గురకే లేదన్నాడు. ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తే, చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విని, అది పై వాటాలో నీళ్ళ మోటారని తేల్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ రెండు గదుల ఇంట్లో వంటింట్లో పడుకున్నా ఆ మోత తప్పదు. కొన్నాళ్ళు అక్క ఇంట్లో పడుకుంటానని ఆమె బట్టలు సర్దుకుంటుంటే, బంధువుల్లో పరువు పోతుందని అప్పటికి దిగొచ్చాడు.

ఇద్దరూ మందుల షాపుకు వెళ్ళారు. షాపాయన గురకకు సంబంధించిన సరుకంతా బల్ల మీద పరిచాడు. ముక్కుకు పెట్టుకునేదాన్ని చూసి మాస్టారు, ఇది బట్టలారేసే క్లిప్పు కదా అన్నాడు. వేడినీళ్ళలో ముంచి పళ్ళ మధ్య కరిచిపట్టుకునేదాన్ని కనీసం ముట్టుకోలేదు. నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి నెత్తి మీదికి బిగించే పట్టీ చేతికి రాగానే కళ్ళు మెరిశాయి. వెనక్కి తిప్పి కుట్టు చూశాడు.

"పావంగుళం పక్కకి పోయింది. దీన్ని కుట్టినవాడికి దారం అమ్మినవాణ్ణనాలి."

ఇవన్నీ కొనేముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోమని షాపాయన మర్యాదగానే చెప్పాడు. ఊళ్ళో అందరికీ కొలతలు తీసేవాణ్ణి, నన్నింకొకడు కొలవడమేమిటని మాస్టారు మెట్లు దిగిపోయాడు. ఆమె షాపాయనకు నమస్కారం పెట్టి వెనకాల నడిచింది. ఇలాంటి నమస్కారాలు పన్నెండేళ్ళలో ఎన్ని పెట్టిందో లెక్కలేదు.

అలాంటి పట్టీ తానే కుడతానని, ఒక మామూలు గుడ్డముక్క కోసం మాస్టారు మూడు రోజులు తపస్సు చేశాడు. కాలర్లలో వేసే గట్టి గుడ్డ రెండు పొరలు, లోపల మెత్తటి లైనింగు, పక్కన బకిల్. కొలతలు అద్దం ముందు నిటారుగా నిలబడి, పొట్ట లోపలికి లాగి, గడ్డం పైకెత్తి తీసుకున్నాడు. ఆ భంగిమలో ప్రపంచంలో ఎవడూ నిద్రపోడని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఎంత బీద ఖాతాదారుడి చొక్కాకైనా రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంచేవాడు, తన గడ్డానికి మాత్రం వెంట్రుకవాసి కూడా ఉంచలేదు. బిగుతులోనే పనితనం ఉందన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆమె దర్జీ షాపుకు వెళ్ళేసరికి, మాస్టారు కటింగ్ బల్ల మీద పట్టీ బిగించుకుని నిద్రపోతున్నాడు. ప్యాంటు కోసం వచ్చిన ఒక పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని చోద్యం చూస్తున్నాడు. మొగుడు ఆమెకు పార్సిల్ కట్టిన సొరకాయలా కనిపించాడు. అయితేనేం, చప్పుడు లేదు. వెధవ పట్టీ పనిచేసింది. ఈ రాత్రి నిద్రపోవచ్చు, బస్సు నాదే అనుకుంది. ఆ సంతోషంలో మొగుడి మీద కాస్త గౌరవం కూడా కలగబోయింది.

కానీ ఆ నిశ్శబ్దం మరీ ఎక్కువసేపు సాగింది.

ఎత్తు ఎక్కుతుండగా ఇంజను మోత ఆగిపోతే, ప్రయాణికులకు తెలిసేలోపే ఆమె కాలు బ్రేకు మీద ఉంటుంది. ఇప్పుడూ అంతే. మొగుడి ఛాతీ ఎగురుతోంది, పొట్ట ఎగురుతోంది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. బల్ల మీది పెద్ద కత్తెర తీసి పట్టీని ఒక్క వేటుకు కత్తిరించింది. మాస్టారు గుర్రుమని గాలి లాక్కుని లేచి కూర్చున్నాడు. కళ్ళు తెరిచి ముందు చూసింది భార్యను కాదు, తెగిన పట్టీని.

"మంచి లైనింగు. తగలేశావు."

ఆమె కత్తెర బల్ల మీద పడేసింది. రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు గురక ఎంత గట్టిగా వస్తుందని అడగలేదు. మధ్యలో ఆగుతుందా, ఎన్నాళ్ళుగా అని అడిగింది. అదేం లేదండీ అన్నాడు మాస్టారు. ఆగుతుందని భార్యకు తెలియకేం? ప్రతి రాత్రీ ఎదురుచూసేది దానికోసమే. ఆగగానే హమ్మయ్య అనుకుని, ఆ కాస్త నిశ్శబ్దంలో గబగబా నిద్రలోకి జారుకునేది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాలుగేళ్ళ నుంచండీ," అంది చివరికి. "అది ఆగినప్పుడే నాకు నిద్రపట్టేది."

ఆగినప్పుడల్లా ఊపిరి ఆగినట్టేనని డాక్టరు మెల్లగా చెప్పింది. పరీక్ష చేసి, ముక్కుకు గాలి పంపే మిషను ఇస్తానంది. అది రావడానికి రెండు రోజులు పడుతుంది, అందాకా పక్కకి తిరిగి పడుకోవాలి, ఊపిరి ఆగితే పక్కనున్నవాళ్ళు తట్టి లేపాలి. నమూనాకు పెట్టిన ఆ మిషను మాస్కును మాస్టారు అప్పటికే వెనక్కి తిప్పి కుట్టు చూస్తున్నాడు. భార్య దాన్ని అతని చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టింది.

బయటికొచ్చి డిపో మేనేజరుకు ఫోను చేసింది.

"రేపూ ఎల్లుండీ నా బస్సు ఇంకెవరికైనా ఇవ్వండి సార్. ఈ రెండు రాత్రుళ్ళూ నేను నిద్రపోను."