ముట్టుకోని పిల్ల

ఈ పిల్లకు తనంటే అసహ్యమేమో, ముసలి ఒంటి వాసన పడదేమో అనుకుంటూనే నర్సమ్మ, మనవరాలు ఇషిత వెనకాల మేడ్చల్ ఆస్పత్రి మెట్లెక్కుతోంది, పొద్దున కోడలు సృజనకు కొడుకు పుట్టాడు, అక్కవైనవ్ బిడ్డా అంటే తొమ్మిదేళ్ల పిల్ల నవ్వనైనా నవ్వలేదు, చెయ్యి పట్టుకోబోతే గోడవైపు జరిగింది, ఎప్పుడూ ఇంతే, పక్కలో పడుకోదు, జడ వేయించుకోదు, నాలుగేళ్లప్పుడు మాత్రం తాత చంక దిగేది కాదు, శామీర్‌పేటలో కొనేవాళ్లకు ప్లాట్లు చూపించడానికి పోయినా తాత లక్ష్మణ్ దాన్ని స్కూటర్ ముందు నిలబెట్టుకునే పోయేవాడు, తర్వాత ఆ కరోనా వేసవి, ఆయనను వెనకగదిలో పెట్టి తలుపు మూయడం, అంబులెన్సు, ఆఖరికి ముఖం కూడా చూడనివ్వకపోవడం, ఏడవడానికైనా ఎవరూ రాని ఇల్లు.

గదిలో మందుల వాసన, సృజన పక్కన గుడ్డలో చుట్టిన పసివాడు, ఎర్రటి పిడికిళ్లు, అచ్చం ఆయన ముక్కే, రా ఇషితా, తమ్మున్ని ఎత్తుకో అని సృజన పిలుస్తోంది, పిల్ల గడప దాటదు, చేతులు వీపు వెనక్కి దాచుకుంది, ఏందే గీ మొండితనం అంటూ నర్సమ్మ రెక్క పట్టి లాగిందో లేదో, వద్దవ్వా, నన్ను ముట్టకు, అని పిల్ల విదిలించుకుంది, నేను ముట్టుకుంటే తమ్ముడు గూడ తాత లెక్క సచ్చిపోతడు.

ఏమంటోందిది, గట్లని ఎవరన్నరు బిడ్డా, అందరు జెప్పిన్రు గద అవ్వా, పిల్లలతోని పెద్దోళ్లకు అంటుకుంటదని, నేను దొంగతనంగ పొయ్యి తాత పక్కల పండుకున్న, తెల్లారి తాతకు జెరమొచ్చింది.

సృజన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నర్సమ్మ పిల్ల ముందర నేలమీద కూర్చుంది, నీతోని గాదు తల్లీ, గుండ్లపోచంపల్లిల పెండ్లికి నేనొద్దన్నా పొయ్యి తెచ్చుకున్నడు, మాకందరికీ ఎరుకే, అంటూనే ఉంది, ఎరుకైన ఆ మాట పెద్దలు ఒకరికొకరు చెప్పుకుని ఏడ్చారు, పిల్లకు చెప్పాలని ఎవరికీ తోచలేదు, అది ఏడవలేదని, చిన్నది దానికేం తెలుసులే అనుకున్నారు, ఇప్పుడు చెబుతుంటే పిల్ల నమ్మీ నమ్మనట్టు చూస్తోంది, ఇంకో అడుగు వెనక్కి వేస్తోంది, తాను దగ్గరికి జరిగినప్పుడల్లా ఇలాగే వేసేది, ఎన్నిసార్లు చివుక్కుమన్నదో మనసు, ఈ పిల్ల తన నుంచి పారిపోవడం లేదు, ఇన్నేళ్లూ, ఒక్కతే, అవ్వను బతికించుకుంటోంది.