రెండు ఐదులు

డాలీగంజ్ అమ్మాయి కళ్యాణికి పొద్దున్న తొమ్మిదింటికే చెమటలు పట్టేశాయి. కొండ మీది వాటర్ ట్యాంకు ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని ఉంది. కింద సముద్రం ఒడ్డు వెంట ఐదు పంపు షెడ్లు, ఒక్కోదాంట్లో పంపును నడిపే కంట్రోలర్ ఒకటి. ఐదింటినీ ఒకే కేబుల్‌తో కలిపి, ఏ పంపు ఎలా నడుస్తోందో ఈ స్క్రీన్ మీద కనిపించేలా చెయ్యాలి. మొదటి మూడూ బుద్ధిగా కనిపిస్తున్నాయి. నాలుగు ఉలకదు, పలకదు. ఐదు కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది.

చెన్నై నుంచి ఫోన్లో ఇంజినీరుది ఒకటే పాట. దోషం వైరింగ్‌దే, ఆ ముసలాయన సరిగా బిగించలేదు, సాయంత్రంలోగా ఆ రెండూ కనిపించకపోతే కేబుల్ మొత్తం పీకించేస్తానన్నాడు. ఆయనకేం, ఏసీలో కూర్చుని ఎన్నైనా అంటాడు. ఎండనక వాననక ఆ కేబుల్ లాగింది గణేశ్వరరావు బాబాయ్.

ఉప్పుగాలి తినేసిన బోర్డులు బాగుచేస్తూనే జుట్టు నెరిసిన ఎలక్ట్రీషియన్ ఆయన. ఈ మాట వింటే పోట్లాడతాడనుకుంది కళ్యాణి. పోట్లాడలేదు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయని, ఎక్కడో వదులుగా వదిలేసి ఉంటానని తనే ఒప్పేసుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని కేబుల్ కలిపిన ఒక్కో పెట్టే విప్పుకుంటూ పోయాడు. కళ్యాణికి పని నేర్పింది ఆయనే. చూడలేకపోయింది.

మధ్యాహ్నం డ్రాయింగ్ పట్టుకుని తనూ ఒడ్డుకి దిగింది. మూడో షెడ్డు దాటి తర్వాతి షెడ్డు దగ్గరికొచ్చి తలుపు చూసిందో లేదో, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తలుపు మీద 5. చేతిలో డ్రాయింగ్‌లో అది 4.

పల్లంలో ఉండే అసలు నాలుగో షెడ్డు సునామీకి కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టలేదు, తలుపుల మీద నంబర్లూ ఎవరూ మార్చలేదు. ఇక్కడివాళ్ళకి ఇప్పటికీ మూడు తర్వాత ఐదు, ఆ తర్వాత ఆరు. చెన్నైలో గీసిన డ్రాయింగ్‌కి ఆ గొడవ తెలీదు, ఒకటి నుంచి ఐదు వరకూ వరసగా వేసుకుంది. ఈ షెడ్డు కంట్రోలర్‌కి నంబరు పెట్టింది కళ్యాణే. ఆరోజు వాన. డ్రాయింగ్ తడుస్తుందని సంచిలోంచి తియ్యకుండా, ఐదో షెడ్డేగా అని ఐదు కొట్టేసింది. మర్నాడు ఆ సంగతి మర్చిపోయి, డ్రాయింగ్ చూసి చివరి షెడ్డుకీ ఐదే ఇచ్చింది. ఒకే పేరున్న ఇద్దరిని పిలిస్తే ఇద్దరూ ఒక్కసారే పలుకుతారు, ఎవరి మాటా అర్థంకాదు. ఖర్మ, వైరుదేం తప్పు లేదు.

ల్యాప్‌టాప్ తగిలించి ఐదుని నాలుగు చేసింది. అర నిమిషం పని. పైనుంచి ఆపరేటర్ బేబీరాణి దీదీ ఫోన్ చేసి, ఐదూ వచ్చేశాయని చెప్పింది.

తప్పు తనదని కళ్యాణి ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పర్మనెంట్ కావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి, ఒక్క తప్పు దొరికినా ఇంటికేనని ఇంజినీరు ముందే చెప్పి ఉన్నాడు. బాబాయ్ ఎక్కడో బిగించాడు, వచ్చేసింది, అంతే అనుకుంటే ఎవరు అడుగుతారు?

ఇద్దరూ ఆఫీసుకి చేరాక గణేశ్వరరావు స్టూలు మీద కూలబడ్డాడు. "సివరి పెట్టెలో కొంచెం వదులున్నట్టే ఉందమ్మా, బిగించాను. ఇంక ఈ సన్నపని నా వల్ల కాదు. మానేస్తాను," అన్నాడు.

ఫోన్ స్పీకర్లో వింటున్న ఇంజినీరు అదే మంచిదన్నాడు. వైరింగ్ లోపమని రిపోర్టు రాసెయ్యమని, ఇకమీదట ఆయనకి పనివ్వొద్దని చెప్పాడు. బాబాయ్ తలదించుకున్నాడు.

"వైరింగ్ లోపం కాదు సర్. రెండు కంట్రోలర్లకీ ఒకే నంబరిచ్చాను. తప్పు నాది. అదే రాస్తాను," అంది కళ్యాణి.

రిపోర్టు పంపు, నీ సంగతి ఆలోచిస్తానన్నాడు ఇంజినీరు.

గణేశ్వరరావు ఆమెను తినేసేలా చూశాడు. తెలిసి కూడా ఇంతసేపూ ఎందుకు ఊరుకున్నావని గదిమాడు. భయమేసిందని చెప్పింది.

ఆయన తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"అయితే నా పనిలో తప్పేటీ నేదా?"

"లేదు బాబాయ్. మొదటిరోజు నుంచీ బాగానే ఉంది."

"ఇంకోపాలి సెప్పమ్మా," అన్నాడు.

ఫోన్ ఇంకా కట్ కాలేదు. ఈసారి చెన్నైకి వినపడేలా చెప్పింది.