ప్రశ్న తియ్యగా ఉంది

ఇబ్రహీంపట్నం దగ్గర శేరిగూడ దారిలోని ఇంజనీరింగ్ కాలేజీలన్నిట్లోనూ తన కాలేజీ వేరుగా కనపడాలని చైర్మన్ ఇంద్రసేనారెడ్డికి ఎప్పట్నించో కోరిక. పక్క కాలేజీవాళ్ళు ఈతకొలను తవ్వించారు. ఆ పైవాళ్ళు గేటుకు రెండువైపులా సిమెంటు ఏనుగుల్ని నిలబెట్టారు. ఈయన ప్రపంచ సమస్యల మీద పడ్డాడు.

కార్యక్రమం పేరు 'విశ్వ సంవాదం'. నెలకొకసారి హైదరాబాదు నుంచి ఒక రచయితో నిపుణుడో కారులో వచ్చి, ఆడిటోరియంలో సోఫా మీద కూర్చుని, ప్రపంచం ఏమైపోతోందో చెప్తాడు. ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగే పని ఇంగ్లిష్ లెక్చరర్ భవితది. పిల్లల అటెండెన్సు ఆ రోజు అక్కడే తీసుకుంటారు కాబట్టి హాలు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. వీడియో యూట్యూబులో పెడతారు. దాన్ని చైర్మనూ, ఆయన బామ్మర్దులూ చూస్తారు.

భవిత మాత్రం పిచ్చిదానిలా ప్రతి పుస్తకమూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేది. అది అనవసరమని మొదటి రెండు నెలల్లోనే తెలిసిపోయింది. ఒంటరితనం మీద పుస్తకం రాసినాయన సెల్ఫీలకు పిల్లలు ఎగబడలేదని అలిగి భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. భూతాపం మీద మాట్లాడవలసినాయన, స్టేజీ మీద ఏసీ సరిగ్గా తగలడం లేదని గంటసేపు చైర్మన్ గదిలోనే కూర్చున్నాడు. వాళ్ళ పుస్తకాల్లోంచి ఆమె ఏమడిగినా, ఆ ముందు ఊళ్ళో చెప్పివచ్చిన ఉపన్యాసాన్నే మళ్ళీ చెప్పేవారు. భవిత తలాడిస్తూ కూర్చునేది. లోపల మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టుకునేది. ఆ పేర్లు ఇక్కడ రాయడం బాగుండదు.

మూడోసారి వచ్చినాయన శ్రీపాల్. ప్రపంచమంతటా చిన్న భాషలూ యాసలూ ఎలా చచ్చిపోతున్నాయో రాసి పేరు తెచ్చుకున్నవాడు. పుట్టింది నల్లగొండ వైపే. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి మాటలు సేకరించి, వాటిని అక్కడి మనుషుల కథలుగా అల్లానని పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. భవిత సొంతూరు ఇబ్రహీంపట్నమే. అందుకని ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి ఇష్టంగా, రెండోసారి అనుమానంగా.

కార్యక్రమానికి ముందు చైర్మన్ గదిలో టీ తాగుతూ శ్రీపాల్ ఆమెను పలకరించాడు. "ఎక్కడమ్మా మీది?"

"గిక్కడనే సార్, పట్నం," అంది భవిత. ఇబ్రహీంపట్నాన్ని అక్కడివాళ్ళు అలాగే అంటారు. ఆయన పుస్తకం చేతిలో ఉన్న ధీమాతో నోట్లోంచి ఇంటి మాట వచ్చేసింది.

ఆయన కప్పు కింద పెట్టాడు. "బావుంది. కానీ స్టేజీ మీద కొంచెం నీటుగా మాట్లాడదాం, ఏం? వీడియో అన్ని ప్రాంతాలవాళ్ళూ చూస్తారు. కామెడీగా ఉండకూడదు."

"నేను చెప్తాను సార్, ఆమె బాగానే మాట్లాడుతుంది," అని ఇంద్రసేనారెడ్డి కంగారుగా అన్నాడు.

ఆ మాట నిజమే. తొలి ఉద్యోగం ఇంటర్వ్యూలో 'వస్త సార్' అన్నందుకు ముగ్గురు పెద్దమనుషులు నవ్విన దగ్గర్నించి భవిత రెండు నాలుకలతో బతుకుతోంది. కాలేజీ గేటు దాటితే ఒకటి, ఇంటి గడప దాటితే ఒకటి. ఆ రోజూ అలాగే నీటుగా మొదలుపెట్టింది. శ్రీపాల్ గొంతు వణికించాడు. "ఒక యాస చచ్చిపోతే ఒక ప్రపంచం చచ్చిపోయినట్టే," అన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముందు వరసలో చైర్మన్ కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత పిల్లల ప్రశ్నలు. మూడో సంవత్సరం చదివే వైశాలి లేచి మైకు అందుకుంది. "సార్, నేను మీ పుస్తకం సగం చదివిన. అండ్ల..."

"చదివాను," అన్నాడు శ్రీపాల్ చిరునవ్వుతో.

"సార్?"

"చదివాను అనాలి తల్లీ. అందులో అనాలి. మళ్ళీ చెప్పు."

హాలంతా గొల్లుమంది. వైశాలి మొహం ఎర్రబడింది. అడగాలనుకున్నది మర్చిపోయి కూర్చుండిపోయింది. యాసల కోసం ఇప్పుడే కళ్ళు తుడుచుకున్న మనిషి ఇంకా చిరునవ్వుతోనే తర్వాతి చెయ్యి కోసం చూస్తున్నాడు. తాను ఏం చేశాడో ఆయనకు తెలియనే లేదు. భవితకు ఒళ్ళు మండింది అక్కడే.

ఆమె మైకు దగ్గరికి జరుపుకుంది. "సార్, నేను మీ పుస్తకం మొత్తం చదివిన," అంది.

ముందు వరసలో చైర్మన్ కుర్చీ అంచుకు జరిగాడు.

"రెండుసార్లు చదివిన. అండ్ల మస్తు మంది మనుషులున్నరు. డాక్టరున్నడు, సారున్నడు, కలెక్టరున్నడు. ఆలోచన చేసెటోళ్ళందరు మీ లెక్కనే మాట్లాడ్తరు. ఏడ్చెటోళ్ళు, తాగెటోళ్ళు, నవ్వించెటోళ్ళు మాత్రం మా లెక్క మాట్లాడ్తరు. గట్లెందుకు రాసిండ్రు? మా మాటల ఆలోచన రాదా?"

శ్రీపాల్ మొహం వెలిగిపోయింది. అది భవిత ఊహించనిది. ఆయన రెండు చేతులూ గుండెకు ఆనించుకుని హాలు వైపు తిరిగాడు. "విన్నారా? ఎంత తియ్యగా ఉంది! ఇదీ నేను చెప్పేది. మేడంగారికి గట్టిగా చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. ఈలలు కూడా వేశారు.

"తియ్యగ ఉండుడేంది సార్? నేను ప్రశ్న అడిగిన. జవాబు చెప్పుండ్రి."

"అబ్బ, మళ్ళీ ఒకసారి అనమ్మా ఆ మాట!"

ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. చైర్మన్ లేచి శాలువా తెమ్మని సైగ చేశాడు. శ్రీపాల్ శాలువా కప్పించుకుని, ఫొటోలు దిగి, భవిత తల మీద చెయ్యి వేసి దీవించి, కారెక్కాడు. ఆ తర్వాత ఇంద్రసేనారెడ్డి ఆమెను గదికి పిలిచి, ఇంటికొచ్చిన అతిథిని అలా నిలదీయడం మర్యాద కాదని చాలాసేపు చెప్పాడు.

రెండు రోజులు గడిచేసరికి ఆయన గొంతు మారిపోయింది. వీడియోలో చిన్న ముక్కను ఎవరో కోసి, వెనక డప్పు మోత కలిపి వదిలారు. లక్షలమంది చూశారు. 'తెలంగాణ మేడం తియ్యటి మాట' అని దానికి పేరు. ఆ ముక్కలో శ్రీపాల్ నవ్వు ఉంది, చప్పట్లున్నాయి, 'తియ్యగ ఉండుడేంది సార్' ఉంది. ప్రశ్న మాత్రం లేదు. దాన్ని కోసేశారు.

భవిత తల్లి యశోదకు ఆ ముక్క శంషాబాదులోని చుట్టాల ద్వారా చేరింది. కూరగాయలు తరుగుతూ రెండుసార్లు చూసింది.

"ఇంతకు ఏమడిగినవే ఆయనను?"

భవిత చెప్పింది.

"అయితే ఆ పుస్తకంల నా లెక్క మాట్లాడెటోళ్ళు ఏం జేస్తరు?"

"ఏడుస్తరమ్మా."

"ఊకె ఏడుసుడేనా?"

"జరసేపు నవ్విస్తరు."

"నాకేడిది అంత తీరిక!" అని యశోద వంకాయల మీదికి వంగింది. భవితకు ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

మర్నాడు ఇంద్రసేనారెడ్డి కబురు పెట్టాడు. గదిలో బల్ల మీద ఒక పోచంపల్లి చీర, ప్యాకెట్ విప్పకుండా ఉంది.

"వచ్చే నెల ఏఐ నిపుణుడు వస్తున్నారు," అన్నాడు సంతోషంగా. "యంత్రాలు ఉద్యోగాలు మింగేస్తాయా అని. మీరు మొత్తం యాసలోనే చేయాలి. గట్ల, గిట్ల అని కాస్త ఎక్కువ పడాలి. చివర్లో ఒక తిట్టు కూడా ఉంటే బాగుంటుందని మా బామ్మర్ది అన్నాడు. మెత్తటి తిట్టు."

భవిత చీర వైపు చూసింది. యాస వద్దన్నప్పుడు వీళ్ళు ఆమె చెప్పింది వినలేదు, యాస కావాలన్నప్పుడూ వినడం లేదు. శ్రీపాల్‌కు ఆమె మాట పాట. ఈయనకు సరుకు. ఆ మాటలో ఏముందో ఒక్కడూ అడగలేదు.

"ఆయన పుస్తకంలో ఏముందో మీకు తెలుసా సార్?"

"అది మీరు చూసుకుంటారు కదా."

"నేను చెయ్యను."

"అంటే?"

"చెయ్య సార్. ఇంకెవలనన్న చూసుకోండ్రి."

ఇంద్రసేనారెడ్డి మొహం మీంచి ముప్ఫై ఏళ్ళ నీటుదనం ఒక్కసారిగా జారిపోయింది. కుర్చీలోంచి లేచాడు. "నకరాలు జేస్తున్నవా? నాలుగు దినాలు ఫోన్ల కనవడంగనే పెద్దదానివైనవా? నీ అసొంటోళ్ళు మస్తు మంది దొరుకుతరు నాకు!"

మెత్తని తిట్టు కాదు, అసలైనదే. భవిత తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మీరే చేయండ్రి సార్ ఆ ప్రోగ్రాం. నాకంటె మంచిగ మాట్లాడ్తరు మీరు," అంది. "ఏమన్నారు మీరు... ఏమన్నవ్ నువ్వు..." అని ఆయన రెండు భాషల్లోనూ మొదలుపెట్టాడు.

ఉద్యోగం పోతుందనుకుంది. పోలేదు. విద్యాసంవత్సరం మధ్యలో ఇంగ్లిష్ చెప్పేవాళ్ళు దొరకరు. 'విశ్వ సంవాదం' మాత్రం ఆమె చేతిలోంచి పోయింది. ఆమె స్థానంలో హైదరాబాదు నుంచి ఒక యాంకర్‌ను పిలిపించారు. ఆ అమ్మాయి యాసను కామెడీ వీడియోల్లో నేర్చుకుంది. ప్రతి వాక్యం మొదట 'ఏందిరా బై' అంటుంది, ఎదురుగా ఉన్న ఏఐ నిపుణుడు డెబ్బయ్యేళ్ళ శాస్త్రవేత్త అయినా సరే. ఆయనకూ నచ్చింది. మనుషులకు ఉద్యోగాలు ఉంటాయో పోతాయో చెప్పకుండానే గంట గడిపి, పోచంపల్లి శాలువాతో వెళ్ళిపోయాడు. చైర్మన్ బామ్మర్ది ముందు వరసలో కూర్చుని తొడ చరుచుకున్నాడు.

భవిత ఆ గంట హాల్లో లేదు. అటెండెన్సు పోయినా ఫికర్ లేదని వచ్చిన పదిమంది పిల్లలతో క్లాసు తీసుకుంటోంది. వాళ్ళలో వైశాలి ఉంది. భవిత ఇంగ్లిష్ పాసివ్ వాక్యంలో కర్త ఎక్కడ దాక్కుంటాడో బోర్డు మీద గీసి చూపిస్తోంది.

"సమజ్ గాలే మేడం," అంది వైశాలి.

"ఏడ సమజ్ గాలే? పని అయినట్టు చెప్తున్నరు, చేసినోని పేరు చెప్తలేరు. ఎందుకు దాస్తరో ఆలోచించు జర," అంది భవిత.

వైశాలి ఆలోచించింది. పెన్ను నోట్లో పెట్టుకుని, బోర్డు వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. భవిత తొందరపెట్టలేదు. ఆడిటోరియం నుంచి చప్పట్లు వినపడుతుంటే వెళ్ళి కిటికీ మూసి వచ్చింది.